ఓదెలు మోసిన గాలి

చిక్కడపల్లిలో పన్నెండేళ్లు గ్యాస్ సిలిండర్లు మోసిన ఓదెలుకు ఆ వీధుల్లో పేరే లేదు. మెట్ల దగ్గర చప్పుడు వినపడగానే "గ్యాస్ వచ్చింది" అనేవాళ్లు. మనిషి వచ్చాడని ఒక్కరూ అనలేదు. భుజం అరిగిపోయాక ఆ పని మానేసి, ట్రాలీ ఆటో కొనుక్కుని నారాయణగూడ చౌరస్తాలో అడ్డా పెట్టాడు.

అశోక్‌నగర్ ఉమాకాంత్ పరిచయమైంది అక్కడే. నేవీలో పనిచేసి వచ్చిన ఉమాకాంత్, వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఈదడం నేర్పిస్తాడు. ఊరవతల నీళ్లు నిండిన పాత క్వారీయే అతని బడి. ఆదివారం వస్తే ఎనిమిది సిలిండర్లు, సీసపు బరువుల బెల్టులు, రబ్బరు సూట్లు అన్నీ అక్కడికి చేరాలి. ఆటో ఆగిన చోటు నుంచి నీళ్ల దాకా రాళ్లబాటలో ఓదెలే మళ్లీ భుజాన మోయాలి.

"సముద్రం లేని ఊర్ల ఈ పిచ్చేంది సార్?" అని మొదట్లో నవ్వాడు ఓదెలు. కానీ ఉమాకాంత్ అతన్ని "ఓదెలన్నా" అని పిలిచాడు. నేర్చుకునేవాళ్లతో పాటు కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. ఇక ఆదివారం కోసమే ఓదెలు మిగతా ఆరు రోజులు నెట్టుకొచ్చేవాడంటే అబద్ధం కాదు.

2012 దసరాకు ముందురోజు నింపించుకొచ్చిన సిలిండర్లు ఆటోలోనే ఉండిపోయాయి. పండుగ పొద్దున ఓదెలు ఆటో కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. బండికి పూజ చేసి, బండిలో ఉన్నదాన్ని వదిలేస్తే మనసొప్పుతుందా? సిలిండర్లకూ బొట్లు పెట్టాడు. అక్కడితో ఆగితే ఓదెలు ఎందుకవుతాడు! గాలి వచ్చే మూతికే అసలు పూజ జరగాలని, దుమ్ము పడకుండా మూతులకు అంటించిన టేపులు పీకి, పసుపు అద్ది, కొబ్బరినీళ్లు చల్లాడు. పసుపునీళ్లు సన్నటి రంధ్రాల్లోకి జారాయి. పైపైన తుడిచి మళ్లీ టేపులు అంటించాడు.

ఆదివారం ఆ బొట్లు చూసి ఉమాకాంత్ మురిసిపోయాడు. క్వారీ ఒడ్డున అనూహ్య అనే కొత్తమ్మాయికి సిలిండరు మూతి చూపిస్తూ, "ఇందుల ఇసుక రేణువు పడ్డా, నీళ్ల చుక్క పడ్డా, కింద ఊపిరి ఆగొచ్చు" అని చెప్పాడు.

ఓదెలుకు పండుగనాటి పసుపునీళ్లు గుర్తొచ్చాయి. చెబితే ఈ ఆదివారాలు పోతాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఏమీ కాకపోవచ్చు కూడా. అప్పటికే ఆ పిల్ల సిలిండరు తగిలించుకుని నీళ్లవైపు నడుస్తోంది.

"ఆగు బిడ్డా!" అని అరిచాడు ఓదెలు. "తప్పయింది సార్. మూతులకు గూడ పసుపు పెట్టిన. కొబ్బరినీళ్లు చల్లిన. లోపటికి పోయినయ్."

ఉమాకాంత్ మొహం ఎర్రబడింది. "పాణాలతోని ఆటలా? మూతులు ముట్టుకోమని ఎవరు చెప్పిన్రు నీకు?"

ఆ రోజు ఎవరూ నీళ్లలో దిగలేదు. దించిన బరువంతా ఓదెలు ఒక్కడే మళ్లీ ఆటోకెక్కించాడు.

తర్వాతి ఆదివారం పిలుపు రాలేదు. "పోనీ, ఇంకో కిరాయి దొర్కదా?" అన్న భార్య కిష్టమ్మ మీద పాపం ఊరికే కసురుకున్నాడు. ఆమెకేం తెలుసు, పోయింది కిరాయి కాదని!

మరో వారానికి ఫోను వచ్చింది. "పొద్దుగాల ఆరింటికి రా" అని మాత్రం అన్నాడు ఉమాకాంత్.

క్వారీ దగ్గర సిలిండర్లన్నీ వరసగా దించాక, ఉమాకాంత్ రబ్బరు సూటు వేసుకుని వచ్చాడు.

"అన్నీ విప్పి సాఫ్ చేసిన. నాలుగింట్ల పసుపుండె. నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోతుండె అన్నా" అన్నాడు. "ఇయ్యాల నేను ఏది వేసుకోవాల్నో నువ్వే తీసియ్యి" అని వీపు తిప్పి నిలబడ్డాడు.

ఓదెలు ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తడిమాడు. ఒకటి ఎత్తి అతని వీపుకు తగిలించాడు. "పైలం సార్, జర చూస్కోండ్రి" అన్నాడు.

ఉమాకాంత్ తల మళ్లీ నీళ్లపైకి తేలేదాకా ఓదెలు ఒడ్డున కూర్చోలేదు.