ఇంటికెళ్ళిన విడాకుల ఫోను

ఆఫీసులో ఆవిడను అందరూ ఫోన్లక్క అనేవారు. వయసు యాభై మూడు. ఆవిడ చేసే పని చెబితే మొదటిసారి విన్నవాళ్ళు నమ్మరు, రెండోసారి విన్నవాళ్ళు అలాంటిదే తమకూ ఒకటి ఇప్పించమంటారు. పొద్దున్న తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని సాయంత్రం ఐదింటి దాకా పద్దెనిమిది ఫోన్లు చూడటం, అంతే. ఇంట్లో పిల్లలు అదే పని చేస్తే తిడతాం. ఆవిడకు మాత్రం నెల తిరిగేసరికి జీతం ఇచ్చేవారు.

ఆ కంపెనీ పని జనం ఫోన్లలోకి ప్రకటనలు పంపడం. రోడ్డుకు అవతలి పక్కన, సరిగ్గా ఎదురుగా ఇంకో కంపెనీ ఉంది. దాని పనీ అదే. రెండింటికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వీళ్ళు కిటికీలకు నల్లద్దాలు పెట్టిస్తే, మర్నాటికల్లా వాళ్ళు తెరలు దించేశారు. ఎదురు కంపెనీ ఎవరికి ఏ ప్రకటన చూపిస్తోందో తెలిస్తే వాళ్ళకంటే ముందు తామే చూపించొచ్చని వీళ్ళ ఆశ. తెలిసేదెలా? అందుకే ఫోన్లక్క.

గోడకున్న చెక్క అరల్లో పద్దెనిమిది ఫోన్లుండేవి. ఒక్కో ఫోను ఒక్కో మనిషిది, కాకపోతే ఆ మనుషులు ఎక్కడా లేరు. ఒకడు మోకాళ్ళ నొప్పుల మాస్టారు, ఒకత్తె కొత్తగా తల్లయిన పిల్ల, ఇంకొకడు బట్టతలను తలుచుకుని కుమిలిపోయే పెళ్ళికాని ప్రసాదు. ప్రతి మనిషికీ ఒక కాగితం ఉంటుంది. వయసు, పని, ఇష్టాలు, బెంగలు అన్నీ అందులో ఆవిడే రాయాలి. రాసినట్టే ఆ ఫోన్లో బతకాలి. అలా బతుకుతుంటే ఎదురు కంపెనీ నిజం మనిషే అనుకుని ప్రకటనలు పంపుతుంది. అవన్నీ ఆవిడ వరసగా పుస్తకంలో ఎక్కిస్తుంది.

ఆవిడకు ముందున్న మనిషి పద్దెనిమిది ఫోన్లనూ ఒకే వేగంతో బరబరా లాగేసి ఇంటికి పోయేవాడట. ఫోన్లక్క అలా కాదు. మాస్టారి ఫోను తీస్తే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ఒక్క వేలితో, రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి సరిగ్గా నొక్కేది. కొత్త తల్లి ఫోను మాత్రం రెండు నిమిషాలు చూసి, పాప లేచినట్టు చటుక్కున పక్కన పెట్టేసేది. ఎదురు కంపెనీ కంప్యూటర్లు ఆవిడ ముందు చిత్తుగా ఓడిపోయేవి. చదివింది పదో తరగతే. ఆ మాట మేనేజరు పెద్ద చదువులవాళ్ళ ముందు కావాలనే అనేవాడు.

ఇక ఆవిడ భర్త సంగతి. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, తుడిచి ఇవ్వడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. మాటకొస్తే మాత్రం బంగారం తూచినట్టు తూచి వదిలేవాడు. "వచ్చాను", "పెట్టు", "చాలు", "పడుకుంటాను". ఈ నాలుగింటితో ఆయనకు సాయంత్రం గడిచిపోయేది.

ఒకరోజు మేనేజరు ఆవిడను గదిలోకి పిలిచాడు.

"అక్కా, మనకు అర్జెంటుగా విడాకుల మనిషి కావాలి."

"ఎవరికి బాబూ?" అంది ఆవిడ అనుమానంగా. మేనేజరుకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

"ఎవరికీ కాదక్కా, ఫోన్లో! పెద్ద ఫర్నిచర్ కంపెనీ వస్తోంది. వాళ్ళు లెక్కలు తీశారు. పెళ్ళి చేసుకునేవాళ్ళు ఇద్దరికీ కలిపి ఒక మంచం కొంటారు, విడిపోయేవాళ్ళు చెరొకటి కొంటారు. విడిపోబోతున్న మనుషుల్ని ముందు ఎవరు పట్టుకొస్తే వాళ్ళకే మొత్తం పని ఇస్తారట. ఎదురు కంపెనీవాళ్ళు లాయర్ల ప్రకటనలతో వల వేస్తున్నారు. ఆ వల ఎలా ఉందో మనం చూడాలి."

ఫోన్లక్క ఆ మధ్యాహ్నమే కూర్చుని ఒక కొత్త ఫోన్లో ఆడమనిషిని తయారుచేసింది. యాభై దాటిన మనిషి, పిల్లలు స్థిరపడ్డారు, ఆవిడ మాత్రం ఇల్లు వదిలేద్దామా అని ఆలోచిస్తోంది. ఎంత బాగా చేసినా మూడు రోజులు చెప్పులు, షాంపూల ప్రకటనలు తప్ప ఇంకోటి రాలేదు. మేనేజరు బుర్ర గోక్కుని కారణం కనిపెట్టాడు. ఎదురు కంపెనీవాళ్ళు తెలివి మీరారు. సాయంత్రమైనా ఇంటికెళ్ళకుండా అరలోనే పడుండే ఫోను వెనక మనిషి లేడని వాళ్ళకు తెలిసిపోతోంది.

"రెండు వారాలు ఇంటికి తీసుకెళ్ళక్కా. ఒక్కటి గుర్తుపెట్టుకో, దాని సిమ్ముతోనే వాడాలి. మీ ఇంటి వైఫై మాత్రం తగిలించకు."

ఆవిడ తగిలించింది. వంటింట్లో సిగ్నల్ రాలేదు, పొయ్యి మీద పాలున్నాయి, పాస్‌వర్డు నోటికి వచ్చు. ఇన్ని సదుపాయాలున్నప్పుడు ఆ నియమం ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

మర్నాటి నుంచి లాయర్లు వానలా కురిశారు. మేనేజరు మొహం చేటంత అయింది. ఫోన్లక్క రెండు చేతులా పుస్తకంలో ఎక్కించుకుంటూ పోయింది. ఇంట్లో మాత్రం ఏదో తేడాగా ఉందని నాలుగోరోజుకు ఆవిడకు తట్టింది.

ఆ రోజు నిద్ర లేచేసరికి మంచం పక్కన టీ ఉంది. ఎవరైనా చుట్టాలు వచ్చారేమోనని వంటింట్లోకి తొంగి చూసింది. ఆయనే గిన్నె కడుగుతున్నాడు. ఆరోరోజున మూడేళ్ళుగా కారుతున్న కుళాయి కారడం మానేసింది. ఏడోరోజున ఉతికిన బట్టలు మడతలు పెట్టి ఉన్నాయి. ఆ మడతలు చూస్తే ఏడుపొస్తుంది, అది వేరే సంగతి.

"ఒంట్లో బాగుందా అండీ?" అని అడిగింది భయంగా.

"బాగానే ఉంది." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నీకేమైనా కావాలా?" అన్నాడు.

ఆవిడ చేతిలోని గరిటె గిన్నెలో పడిపోయింది. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ ప్రశ్న అదే మొదటిసారి.

ఎనిమిదోరోజు సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళాడు. బల్ల మీద ఆయన ఫోను టింగుమంది. ఆవిడ చూసింది. 'ఆవిడ వెళ్ళిపోతానంటోందా? కంగారుపడకండి, మా లాయరుతో మాట్లాడండి.' ఇంకొకరికైతే అర్థం కావడానికి వారం పట్టేది. ఈవిడకు చిటికెలో అర్థమైంది. ఒకే వైఫై మీద ఉన్న ఫోన్లన్నీ ఒకే ఇల్లని ఈ కంపెనీల లెక్క. విడాకుల మనిషి ఈ ఇంట్లో ఉంటే, అదే ఇంట్లోని మగమనిషి ఆవిడ మొగుడే అవ్వాలి. పాపం ఈయన ఆ ప్రకటనలన్నీ చదివి, తన పెళ్ళాం తనను వదిలేయబోతోందని, ఆ సంగతి ఫోనుకు కూడా తెలిసిపోయిందని నిర్ధారణకు వచ్చేశాడు!

ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి, నోరు నొక్కుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన బయటకు రాగానే చెప్పేయాలి. న్యాయం అదే. కానీ ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, "ఆ అటక తలుపు కిర్రుమంటోంది కదా, రేపు చూస్తాను" అన్నాడు. ఆవిడ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. అటక తలుపు అయ్యాక చెప్పొచ్చులే అనుకుంది. ఆవిడను తప్పుపట్టేవాళ్ళు తమ ఇంటి అటక తలుపు సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఆ తర్వాత నాలుగు రోజులూ ఆవిడకు పండగే. కిటికీ దగ్గర నిలబడి ఒక నిట్టూర్పు విడిచేది, ఫ్యాను రెక్కల మీది దుమ్ము మాయమయ్యేది. విడాకుల ఫోను ఒళ్ళో పెట్టుకుని తదేకంగా చూసేది, ఆయన చెత్తబుట్ట పట్టుకుని బయటకు నడిచేవాడు. పెళ్ళి కుదరకముందు కూడా ఆయన తనవంక ఇంత భయభక్తులతో చూడలేదు.

పన్నెండోరోజు మధ్యాహ్నం మేనేజరు అందరినీ పెద్ద గదిలోకి పిలిచి కేకు కోశాడు.

"కొట్టేశాం! ఎదురు కంపెనీకి ఇంకా ఒక్క నిజం మనిషి కూడా దొరకలేదు. మనకు దొరికాడు. వాళ్ళ వల చూసి మనం వేసిన ప్రకటన నొక్కి ఒంటి మంచం కావాలని అడిగాడు. సోమవారం ఫర్నిచర్ వాళ్ళకు ఇతన్నే చూపిస్తాం. పేరుండదు, నంబరే ఉంటుంది. నాలుగువేల డెబ్బై ఒకటి."

గోడ మీద తెర వెలిగింది. మేనేజరు చదువుతూ పోయాడు. మగవాడు. యాభై ఎనిమిదేళ్ళు. మొన్నమొన్నటి దాకా కళ్ళద్దాల సామాను తప్ప ఫోన్లో ఇంకేమీ వెతికినవాడు కాదు. ఈ పది రోజుల్లో వెతికినవి ఇవీ. టీ పెట్టడం ఎలా. కుళాయి బాగుచేయడం ఎలా. బట్టలు మడత పెట్టడం ఎలా, ఇది ఐదుసార్లు. ఒక్క గది ఇల్లు. ఒక్క మనిషికి ఎంత బియ్యం పొయ్యాలి. భార్య వెళ్ళిపోకుండా ఏం మాట్లాడాలి.

చివరిది వినగానే గది గదంతా గొల్లుమంది. ఫోన్లక్క నవ్వలేదు. చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. తనను బుజ్జగించడానికి పడుతున్న పాట్లనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన ఒంటరిగా బతకడం కూడా నేర్చుకుంటున్నాడు. ఒక్క మనిషికి ఎంత బియ్యం. సిగ్గేసింది. తన మీద తనకు అసహ్యం కూడా వేసింది.

"ఇవాళ్టి నుంచి ఇతనికి గంటకు ఆరు పంపుతాం. ఎదురు కంపెనీ వాసన పట్టేలోగా..."

"ఆపండి" అంది ఆవిడ.

"ఏమైందక్కా?"

"ఆ మనిషి మా ఆయన."

మేనేజరు ఓదార్చాలో, ఎప్పుడు మంచం పంపమంటారని అడగాలో తేల్చుకోలేక గుటకలు మింగాడు. వైఫై సంగతి ఆవిడే చెప్పింది. విన్నకొద్దీ మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఊళ్ళోకెల్లా మొదటగా పట్టుకున్న నిజం మనిషి, తమ అబద్ధం మనిషికి మొగుడు!

"అక్కా" అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "సోమవారం దాకా ఇంట్లో చెప్పకుండా ఉండగలవా? మూడు రోజులే కదా. ఈ పని పోతే నీ ఫోన్ల అరా పోతుంది, నువ్వూ..."

ఆవిడ కేకు ముక్క మేనేజరు చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయటకు నడిచింది.

షాపుకు వెళ్ళేసరికి మూడున్నర. ఆయన యంత్రం దగ్గర అద్దం అరగదీస్తున్నాడు. గుమ్మంలో ఆవిడను చూసి యంత్రం ఆపేశాడు. చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"చెప్పు" అన్నాడు. "ఇక్కడికే వచ్చావంటే తేల్చుకునే వచ్చావన్నమాట."

ఆవిడ మొత్తం చెప్పింది. వైఫై, అటక తలుపు, కిటికీ దగ్గర నిట్టూర్పులు, ఏదీ దాచలేదు. ఆయన వింటున్నంతసేపూ ఒకే అద్దాన్ని తుడుస్తూ ఉన్నాడు.

"నవ్వొచ్చిందా నీకు?"

"వచ్చింది. నాలుగు రోజులూ వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం నుంచే రావట్లేదు."

"పది రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు."

"అడగొచ్చు కదండీ! ఒక్కమాట అడిగితే పోయేది కదా!"

"అడిగితే అవునంటావేమోనని" అన్నాడు ఆయన, అద్దం మీంచి తల ఎత్తకుండా.

ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టూలు లాక్కుని కూర్చుంది. షాపులో ఎవరూ లేరు. ఆయనే అడిగాడు.

"ఇంతకీ ఆ ఫోన్లో ఆడమనిషి మొగుణ్ణి ఎందుకు వదిలేద్దామనుకుంటోంది?"

తాగుబోతు అని చెప్పొచ్చు. కొడతాడని చెప్పొచ్చు. ఆ కాగితం ఆఫీసులో ఉంది, ఆయన ఎన్నడూ చూడబోడు. ఆవిడకు ఆ రోజు ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"ఆయన మంచివాడే. ఏ చెడలవాటూ లేదు. ఇంటికొచ్చాక మాట్లాడడు, అంతే."

"ఎవరు రాశారది?"

"నేనే. రాసేటప్పుడు ఎవర్ని తలుచుకున్నానో కూడా నాకు తెలీదు. చేతికి అదే వచ్చేసింది."

ఆయన తుడుస్తున్న అద్దాన్ని కింద పెట్టాడు. తర్వాత తన కుర్చీని ఆవిడ ఎదురుగా జరుపుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్న ఒక పెద్దాయన వచ్చాడు. ఎడమ కంటికి ఒకటీముప్పావు, కుడి కంటికి రెండున్నర. కానీ అసలు కథ అది కాదు, ఫ్రేము. ఫ్రేము పలచన, అద్దమేమో మందం. అంచు దగ్గర ఎంత తియ్యాలన్నదే..."

అంచు దగ్గర ఎంత తియ్యాలో ఆయన ముప్పావుగంట చెప్పాడు. మధ్యలో లేచి రెండు అద్దాలు తెచ్చి పక్కపక్కన పట్టుకుని చూపించాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ముంచుకొస్తున్న ఆవలింతను పళ్ళ మధ్యే నొక్కేసి, "ఆ తర్వాత?" అంది.