గొంతు నాదే, మొకం నాదే

"దీనికి మాటలు రాకుంటే ఎట్ల? ఒకవేళ వచ్చినా, మొదటి మాట ఆమెదైతే ఎట్ల?"

దండెం మీద తడిబట్టలు ఆరేస్తూ సుహాసిని ఈ మాట అన్నప్పుడు, ఆమె భర్త ప్రేమ్‌సాగర్‌కు మొదటి సగమే అర్థమైంది. కూతురు మనస్వినికి రెండేళ్ళు నిండవస్తున్నాయి. అమ్మ అనలేదు, తాత అనలేదు, అత్త అనలేదు. ఆ బెంగ ఇంట్లో అందరిదీ. రెండో సగమే అతనికి కొత్తది.

"ఆమె అంటే ఎవలు?"

"తెల్వనట్టే అడుగుతవ్. మీ అమ్మ ఫోన్ల ఉంటది సూడు, ఆమె."

కల్వకుర్తిలో వాళ్ళది కిరాయి ఇల్లు. ప్రేమ్‌సాగర్‌కు కొత్తకోటలో కరెంటాఫీసు ఉద్యోగం, ఆదివారాలకే ఇంటికి వస్తాడు. సుహాసిని ఊళ్ళోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆమె కాలేజీకి పోయాక పిల్లను చూసుకునేది అత్త పుష్పమ్మ. మనస్వినికి అన్నం తినిపించే ఉపాయం ఒకటి పుష్పమ్మకు దొరికింది. ఫోన్‌లో ఉమారాణి పాట పెడుతుంది.

మందంత ఇల్లు జేరె, నువ్వేడున్నవే బొల్లీ
మాపటి పొద్దాయెనే, రావె నా బొల్లీ...

తప్పిపోయిన గొర్రెపిల్లను పిలిచే పాట అది. తెర మీద ఒక గొర్రెపిల్లను ఎత్తుకొని, గుట్ట మీద నిలబడి, ఉమారాణి నోరారా పాడుతుంటుంది. ఆమె "బొల్లీ" అని సాగదీసినప్పుడల్లా మనస్విని నోరు దానంతటదే తెరుచుకునేది, ఒక ముద్ద లోపలికి పోయేది. అదే సుహాసిని తినిపించబోతే పెదవులు బిగబట్టి మొకం తిప్పేసుకునేది.

"గా పిల్ల గొంతుల ఏమున్నదో గని, పెరుగన్నం లెక్క దిగిపోతది బిడ్డా," అనేది పుష్పమ్మ.

"నా గొంతుల ముండ్లున్నయా అత్తమ్మా?"

"నేనట్లన్ననా? నువ్వు పాడవు గదా మరి."

నిజమే, సుహాసిని పాడదు. కానీ పాడరాక కాదు. మంట అక్కడే ఉంది.

ఉమారాణి ఎవరో కాదు. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకటే హాస్టల్ గది, ఒకటే బీఎస్సీ. ఉమారాణిది కల్వకుర్తి అవతల గొర్లు కాసే ఇల్లు. తండ్రి గుర్వయ్య ఎండాకాలం మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయాడంటే వానలు పడ్డాకే మళ్ళీ కనపడేవాడు. సుహాసినిది మర్రిగూడ దగ్గర పత్తి చేన్ల ఊరు. ఇద్దరిలో తీయని గొంతు సుహాసినిదే. బట్టలు ఉతుక్కుంటూ ఆమె కూనిరాగం తీస్తే పక్క నల్లాల దగ్గర బకెట్ల చప్పుడు ఆగిపోయేది. ఉమారాణిది బొంగురు గొంతు. గుట్ట అవతలి గొర్రెకు వినపడవలసిన గొంతు.

కాలేజీ వార్షికోత్సవానికి అందరూ కలిసి సుహాసిని పేరే రాసిచ్చారు. తెర వెనక నిలబడి ముందు వరుసల్లోకి తొంగిచూసి ఆమె వెనక్కి జరిగింది. జనానికి భయపడి కాదు. వాళ్ళ చేతుల్లోని కెమెరాలకు. మర్రిగూడ బోరునీళ్ళు తాగి పెరిగిన పిల్ల ఆమె. పంటి మీద గోధుమరంగు చారలు. ఇంటింటికీ మంచినీళ్ళ నల్లాలు వచ్చేనాటికి ఆ పళ్ళు పెరగడం, చారలు పడడం కూడా అయిపోయాయి. ఫ్లోరైడ్ పంటి పైపూతను ఏం చేస్తుందో పరీక్షలో బొమ్మ గీసి రాయగలిగేది గానీ, నవ్వు వచ్చిందంటే మాత్రం అరచేయి దానంతటదే లేచి నోటికి అడ్డం పడేది. మాట్లాడేటప్పుడూ అంతే. పాడేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవడం కుదరదు కదా.

"నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?" అని ఉమారాణి చెవిలో అడిగింది.

"పో."

ఉమారాణి చెప్పులు విడిచి పోయింది. తాను కట్టుకున్న పాటే పాడింది. నడుమ ఒకచోట శృతి తప్పింది, చివర్లో మళ్ళీ తప్పింది. తెర వెనక నిలబడ్డ సుహాసిని రెంటినీ పట్టుకుంది. జనం పట్టుకోలేదు. ఈలలు, చప్పట్లు. అవి తనకు రావలసిన చప్పట్లని సుహాసిని చాలా ఏళ్ళు నమ్మింది.

చదువు అయ్యాక సుహాసిని పీజీకి పోయింది, ఉమారాణి పాటలకు పోయింది. తెలంగాణ వచ్చిన కొత్తలు అవి. ఊరూరా జానపద పాటల ఛానళ్ళు పుట్టుకొస్తున్నాయి. హైదరాబాద్‌లో ఒక ఛానల్ వాళ్ళు ఉమారాణి పాట ఒకటి తీసుకున్నారు. గొంతు ఆమెది. వీడియోలో లంగా ఓణీ కట్టి పెదవులు కదిపింది వేరే అమ్మాయి. పాట పెళ్ళి డీజేల్లో మోగింది. ఒక ఊళ్ళో కార్యక్రమానికి ఇద్దరినీ పిలిస్తే, జనం ఆ అమ్మాయితో ఫొటోలు దిగడానికి ఎగబడ్డారు. ఉమారాణి పక్కన నిలబడి ఆ అమ్మాయి హ్యాండ్‌బ్యాగు పట్టుకుంది.

ఇంకో పాటకూ అదే షరతు పెట్టారు. "గొంతు నాదే, మొకం నాదే. రెండు కావాల్నంటే తీసుకోండ్రి. లేకుంటే గేటు ఏడున్నదో నాకెరుకే," అని చెప్పి ఆమె కల్వకుర్తి బస్సు ఎక్కింది. సొంత ఛానల్ పెట్టుకుంది. మొదట పెట్టిన పాటలు చుట్టాలు కూడా వినలేదు. లైట్లు లేవు, గుర్వయ్యే ఎండకు ఎదురుగా తెల్లటి థర్మాకోల్ అట్ట పట్టుకొని బిడ్డ మొకం మీదికి వెలుతురు మళ్ళించేవాడు. ఒకసారి గొర్లు ఆ అట్టను సగం నమిలేస్తే, "పాట మంచిగ లేనట్టున్నది బిడ్డా, గొర్లు లైటు బందు చేసినయ్" అన్నాడట. ఇదంతా ఉమారాణి ఏదో ఇంటర్వ్యూలో నవ్వుతూ చెప్పింది. ఆ ఇంటర్వ్యూలన్నీ సుహాసిని చూసింది. పాటల కింద జనం రాసే వ్యాఖ్యలు కూడా చదివేది. "దేవత గొంతు" అని ఉంటే గబగబా దాటేసేది. "శృతి చూసుకో అక్కా" అని ఎవడో రాస్తే ప్రాణం లేచివచ్చి, దానికి లైక్ కొట్టి, భయపడి వెంటనే తీసేసింది.

ఇప్పుడు ఆ గొంతు ఆమె ఇంట్లోనే దూరి, ఆమె బిడ్డకు అన్నం పెడుతోంది.

పిల్లను మహబూబ్‌నగర్‌లో డాక్టరుకు చూపించారు. చెవులు బాగున్నాయన్నాడు. కొందరికి ఆలస్యమవుతుంది, కొన్నాళ్ళు చూద్దాం, ఈలోపు ఫోన్ తగ్గించండి, ఇంట్లో మనుషులు మాట్లాడండి అన్నాడు. మిగతావి ఎట్లా ఉన్నా, ఫోన్ తగ్గించమన్న మాటను సుహాసిని గెలిచిన కప్పులాగా ఇంటికి మోసుకొచ్చింది. అత్త ఫోన్‌ను తానే బీరువాలో పెట్టింది. బిడ్డ మంచికే. సగం బిడ్డ మంచికి, సగం ఉమారాణిని బీరువాలో పెట్టి తాళం వేయడానికి.

మరునాడు కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లోనే వినపడింది, పుష్పమ్మ వణుకు గొంతుతో "రావె నా బొల్లీ" అని పాడుతోంది.

"అత్తమ్మా!"

"డాక్టర్ ఫోన్ వద్దన్నడు. పాట వద్దన్లేదు గదా?"

అంతలో పిల్ల నోట్లోంచి "బొ" అని ఒక శబ్దం వచ్చింది. పుష్పమ్మ ఎగిరి గంతేసింది. సంతోషపడాల్సిన తల్లి సుహాసిని. కానీ ఆ "బొ" వెనక ఏ మాట వస్తుందో ఆమెకు తెలుసు. అమ్మ కాదు.

అట్లాంటి రోజుల్లోనే కాలేజీ ఉత్సవానికి ముఖ్య అతిథిగా ఉమారాణిని పిలిచారు. ప్రిన్సిపాల్ వచ్చి, "మేడం, మీ దోస్తట గదా. పరిచయం మీరే చెయ్యాలె," అన్నాడు. సుహాసిని మైకును నోటికి ఆనించుకొని, పళ్ళు కనపడకుండా, నాలుగు ముక్కలు చెప్పి దిగింది. ఉమారాణి మైకు అందుకుంటూనే, "గీ మేడం పాడితే నేను గొర్ల కాడికి పోవుడే," అంది. పిల్లలంతా గొల్లుమన్నారు. నన్ను ఎక్కిరిస్తున్నదనుకుంది సుహాసిని.

కార్యక్రమం అయ్యాక ఉమారాణి వదల్లేదు. "మీ ఇంటికి తోల్కపోవా ఏంది? ఆకలైతాంది," అని తానే సుహాసిని స్కూటీ వెనక ఎక్కింది.

పుష్పమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. జొన్నరొట్టె, కోడికూర ముందు పెట్టి, "బిడ్డా, నీ పాట లేంది నా మనుమరాలు మెతుకు ముట్టది," అంది. సుహాసిని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఇప్పుడు పిల్ల పరుగెత్తుకొని పోయి ఉమారాణి ఒళ్ళో కూర్చుంటుంది. అది చూడడానికే తాను బతికి ఉంది.

మనస్విని పోలేదు. తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకొని వెనక్కి దాక్కుంది. "ఇగో, బొల్లి పాట అత్త!" అని పుష్పమ్మ ఎంత చూపించినా గుర్తుపట్టలేదు. ఉమారాణి రొట్టె పక్కన పెట్టి గొంతెత్తి పాడింది. పిల్ల ఆ పాట విని, ఉమారాణిని కాదు, ఫోన్ పెట్టిన బీరువాను చూసింది.

"ఓ పెద్దమ్మా, నా మొకం కోసం అంత కొట్లాడితి గదా, నీ మనుమరాలు బీరువకు ఫ్యాన్ అయింది!"

సుహాసినికి నవ్వు ఆగలేదు. ఎన్నాళ్ళ తర్వాతో అంత నవ్వు. చేయి లేచి నోటికి అడ్డం పడింది. కింద నుంచి పిల్ల తల ఎత్తి తల్లిని చూసింది. తన బుజ్జి అరచేయి తీసి నోటి మీద పెట్టుకొని, చేతి లోపల్నుంచి "బొ, బొ" అంది.

ఉమారాణి ముందుకు వంగింది. "సుహా, ఇది సూసినవానే? మల్లొకసారి నవ్వు."

"నవ్వమంటే ఎట్ల నవ్వుత?"

"స్టేజీ మీద నా పేరు చెప్పేటప్పుడు మైకు కొరికి మింగుతవేమో అన్నట్టు చూసినవ్ గదా, అది యాది చేసుకో."

సుహాసిని మళ్ళీ నవ్వింది. మళ్ళీ చేయి. పిల్ల కూడా మళ్ళీ చేయి.

"అగో, ఎప్పుడు గట్లనే చేస్తది," అంది పుష్పమ్మ. "దంతాలు వస్తున్నయేమో, చిగుళ్ళు దురద పెడుతున్నయేమో అనుకున్న."

సుహాసిని కూడా ఇన్నాళ్ళూ అదే అనుకుంది. చేయి అడ్డం పెట్టుకున్నందుకే పిల్లకు మాటలు ఆగాయని ఏ శాస్త్రం చెప్పదు. ఒక్కసారి చూసినదానితో కారణం తేల్చకూడదని తరగతిలో తానే చెబుతుంది. అయినా గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తవెందుకే? నా పాటకు అన్నం తింటది, గంతే. నేర్సుకునుడు మాత్రం నీ దగ్గర్నే నేర్సుకుంటాంది."

"నీకేందే ఉమా. నీ నోరు ఊరంత సూస్తది. నాకు నీ మీద ఎంత కుళ్ళో ఎరుకనా?"

"ఎరుకే. నాకు లేదనుకున్నవా? నల్లా కాడ నువ్వు పాడుతుంటే నా బకెట్ నేనే తన్నుకున్న. మల్ల ఆ వీడియో పిల్ల మూతిల నుంచి నా గొంతు వస్తుంటే కడుపు బగ్గుమన్నది. అదే లేకుంటే ఇయ్యాల గిట్ల ఉందునా?"

"మరి నీకు సిగ్గెట్ల పోయింది?"

"యాడ పోయింది? నీకు పళ్ళు, నాకు ఈ నల్లమొకం. మొదటి పాట తీసినప్పుడు ఊకె చెయ్యి మొకం మీదికే పోతాంది. కెమెరా అన్న తిట్టి తిట్టి అలిసిపోయిండు. ఆఖరికి మా బాపు ఒక గొర్రెపిల్లను తెచ్చి నా రెండు చేతులల్ల పెట్టిండు. అది తన్నుకుంటాంది, ఇడిస్తే పడుతది. మొకం సంగతే మర్సిపోయిన."

ఇప్పుడు ఆ ఇంట్లో అన్నం వేళకు సుహాసిని పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది. ఎడమచేతిలో గిన్నె, కుడిచేతిలో ముద్ద. తనకు వచ్చిన పాట ఏదో ఒకటి పాడుతుంది, నోరు తెరిచి, పళ్ళు కనపడేటట్టు. మొదట్లో రెండు వరుసలకే ఆపేసేది. మనస్విని అన్నం సగం తింటుంది, సగం ఉమ్ముతుంది. మాటలు ఇంకా రాలేదు. మొన్న మాత్రం ముద్ద మింగి, వేలు చాచి, తల్లి ముందు పన్ను మీది చారను నెమ్మదిగా తడిమింది. ఉమారాణి కొత్త పాట పెట్టిందని తెలిస్తే సుహాసిని కడుపులో ఇప్పటికీ కొంచెం మండుతుంది. మండినా చూస్తుంది.

గిన్నె కింద పెట్టి చేయి ఎత్తాలనిపించినప్పుడు, ఆ రోజు తిరిగి పోతూ బస్టాండులో బస్సు కిటికీలోంచి ఉమారాణి చెప్పిన మాట గుర్తుచేసుకుంటుంది.

"ధైర్యం వచ్చినంక పాడుత అనుకోకు సుహా, అది రాదు. రెండు చేతులకు పని పెట్టు. ఖాళీగున్న చెయ్యే మొకం మీదికి పోతది."