ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ

శంషాబాద్ హైవే పక్క చిన్న దవాఖానలో నర్సుగా పనిచేసిన నర్సమ్మ పోయిందని కాటేదాన్‌లో నేను పనిచేసే కార్ఖానా ఓనరు గదిలోని ఫోనుకు కబురొచ్చింది. మెషీన్ ఆపి అక్కడే కూర్చుండిపోయాను. నిజం చెప్పాలంటే, ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆమె పేరు వింటే నాకు ఎప్పుడూ అంతే.

యాక్సిడెంట్ కేసులు ఒక్కసారే వచ్చిపడితే ఎవరిని ముందు లోపలికి పంపాలో ఆమే తేల్చేది. ఆగలేనివాళ్ల మణికట్టుకు ఎర్రమందులో ముంచిన పట్టీ కట్టేది, ఆగగలిగినవాళ్లకు తెల్లది.

గగన్‌పహాడ్ దగ్గర మా ట్రాలీ ఆటో బోల్తా పడిన రోజు నాకు ఎర్రది కట్టింది. తల పగిలి, దవాఖాన దద్దరిల్లేలా అరుస్తున్నాను మరి. నాతో పనిచేసే అన్న తన కాళ్ల మీద తానే నడిచొచ్చాడు. ఆయనకు తెల్లది. "నాకేం గాలే నర్సమ్మా, ముందుగాల ఈ పోరని సంగతి చూడు" అని బయట బెంచీ మీద కూర్చున్నాడు.

కుట్లు వేయించుకుని వచ్చేసరికి ఆయన బెంచీ మీదే ఒరిగిపోయి ఉన్నాడు. కడుపులోపల నెత్తురు కారిందట. పెద్ద దవాఖానకు చేరేలోపే పోయాడు.

ఎవరైనా అట్లాగే కట్టేవారని డాక్టరే అన్నాడు. నర్సమ్మ మాత్రం తనను తాను క్షమించుకోలేదు. ఆ తర్వాత బెంచీ దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి నాడి చూసేది, కడుపు నొక్కి చూసేది. "గిప్పుడే చూసినవ్ గదా" అని ఎవరైనా విసుక్కుంటే, "గప్పటిది గప్పుడే అయిపాయె. ఇప్పుడెట్లున్నదో చెప్పు" అనేది. ఇంటికి పంపినవాళ్లనూ వదిలేది కాదు. ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి వాళ్ల ఊళ్లకు పోయేది, తాను కట్టిన పట్టీ ఎంతవరకు నిజమైందో చూసుకోవడానికి.

నా గదికీ వచ్చేది. "తల తిరుగుతున్నదా? నిద్ర పడుతున్నదా?" అని అడిగేది. ఒకసారి ఉండబట్టలేక, "నాకెందుకు ఎర్రది కట్టినవ్ నర్సమ్మా?" అన్నాను.

నా తల మీది కుట్ల మచ్చ తడిమి, "నీ నెత్తురు కనవడ్డది బిడ్డా. ఆయనది కనవడలే" అంది.

అక్కడి నుంచి తుక్కుగూడలో అన్న భార్య దగ్గరికి పోతూ నన్నూ రమ్మంది. నాకు మొహం చెల్లలేదు. ఆ తర్వాత కూడా చెల్లలేదు. నేను ఇవాళ బతికున్నది నర్సమ్మ చలవే, కానీ ఆ మాట పైకి అనాలంటేనే నోరు రాదు.

చర్చిలో నర్సమ్మ శవపెట్టె దగ్గర, కడసారి చూపు కోసం వరసలో నిలబడ్డాను. వెనక్కి తిరిగితే అన్న భార్య. అన్నను మట్టి చేసిన రోజు తర్వాత ఆమెను చూడటం అదే మొదలు. గబుక్కున పక్కకు జరిగి, "నువ్వు ముందు పో అక్కా" అన్నాను.

"నువ్వే పో తమ్మీ. నేను జర ఆగుత" అంది. వెళ్లి బెంచీ మీద కూర్చుంది.