పూంగావనానికి వచ్చిన ఏడుపు మొహాలు

పూంగావనం నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే. పీకు. చంక దగ్గర కుట్టు రవ్వంత వంకర పోయినా పీకు, మెడ పట్టీ ముడత పడినా పీకు. అంతా సరిగ్గా ఉందంటే అసలు నమ్మకం కుదరక, రెండు చేతులతో గుంజి చూసి, ఒక్క దారం పుటుక్కుమన్నా పీకు. ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో ఒక బియ్యం మండీ పైన, మూడు గదుల్లో నడిచే కమ్యూనిటీ కాలేజీలో ఆమె కుట్టుపని నేర్పేది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఏడాది పాటు ఒక పని నేర్చుకుని సర్టిఫికెట్టు పట్టుకుపోయే కాలేజీ అది. కుట్టుపనికి వచ్చే ఇరవై నలుగురు ఆడవాళ్ళూ చాటుగా ఆమెను పీకుడు టీచరు అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పేరు పెట్టించుకోవడం కూడా ఒక హోదాయేనని మురిసిపోయేది.

ఆ హోదా ఊరికే రాలేదు. పెళ్ళయిన కొత్తలో భర్త మాదయ్య టైలరు షాపులో ఒక మూల గుండీలు కుట్టడానికి కూర్చుంది. పదేళ్ళు గుండీలూ కాజాలే. మాదయ్య చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోయాక కత్తెర ఆమె చేతికొచ్చింది. కాలేజీవాళ్ళు రమ్మన్నప్పుడు, తొమ్మిదో తరగతి తప్పినదాన్ని ఎవరైనా టీచరంటారా అని భయపడింది. మొదటిరోజు ఒక పిల్ల లేచి నిలబడి “వణక్కం టీచర్” అంటే, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది. ఆ పిలుపు అలవాటు కావడానికి నెల పట్టింది. అలవాటయ్యాక అది లేకుండా బతకలేననిపించింది.

ఆమె శిష్యుల్లో ఇద్దరు గట్టి పిండాలు. ఒకతి కెంపమ్మ. కూలికి పోయి పోయి నలభై ఐదేళ్ళకు మిషను ముందు కూర్చున్న మనిషి. రెండోది పాలకోడు నుంచి బస్సులో వచ్చే కనిమొళి. దాని తండ్రి అంజనప్ప ఆవుల బేరగాడు. సంతలో ఏ ఆవు మీద మనసు పడితే దాని తోకనే ముందు తిట్టేవాడు. తండ్రి విద్య కూతురికి అబ్బింది. ఒకసారి అందరూ కలిసి బట్టల కొట్టుకు పోతే, తనకు నచ్చిన నీలం గుడ్డనే పట్టుకుని “ఛీ, ఇదేం రంగన్నా, ఈగలు కూడా వాలవు” అని కొట్టువాడి మొహం మాడిపోయేదాకా ఆడిపోసుకుని, చివరికి ఆ గుడ్డే చవగ్గా తెచ్చుకుంది.

ఇలా సాగుతుండగా పైఆఫీసుకు కొలిచే జబ్బు పట్టుకుంది. విద్యార్థులు ఎంత తృప్తిగా ఉన్నారో కొలవాలట. అందరికీ చదువు సమంగా రాదు గనక ఫారం మీద ఐదు గుండ్రటి మొహాలు అచ్చువేశారు. ఒక చివర ఇకిలించే మొహం, ఇంకో చివర ఏడుపు మొహం. టీచరుకు ఏ మొహం తగునో దాని మీద టిక్కు పెట్టాలి. 2006లో మొదటిసారి పెట్టించినప్పుడు నర్సు పని నేర్పే వళ్ళికి అన్నీ నవ్వు మొహాలే వచ్చాయి. పైఆఫీసు మెచ్చుకుని, దండ వేసి, ఆమెను సేలంలోని పెద్ద కాలేజీకి పట్టుకుపోయింది. ఆ తర్వాత ఐదు నెలల పాటు నర్సు క్లాసుకు దిక్కులేదు. ఆ పిల్లలు ఒకరికొకరు బీపీ చూసుకుని చూసుకుని చివరికి మిషనును పగలగొట్టారు.

మరుసటి ఏడు ఫారాలు పైఆఫీసుకు పోయాక వారం రోజులకు కాలేజీ డైరెక్టరు అయ్యనార్ పూంగావనాన్ని పిలిచాడు. ఎప్పుడూ గలగలలాడే మనిషి ఆ రోజు టేబులు మీది గాజు గుండును అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు.

“అక్కా, ఎట్ల చెప్పాలో తెలీలేదు. ఐదుకు నీకు ఒకటి వచ్చుండాది.”

“ఒకటంటే మొదటి ర్యాంకా?”

“కాదక్కా. ఇరవై నాలుగూ ఏడుపు మొహాలే. ఒకరైతే పెన్నుతో కన్నీళ్ళు కూడా పెట్టినారు.”

“ఆ కంప్యూటరు ప్రతాప్‌కు?”

“ఐదుకు ఐదు.”

ప్రతాప్ వారానికి రెండు రోజులు వచ్చేవాడు. ఆ రెండు రోజులూ సెల్‌ఫోను చెవికి అంటించుకుని మెట్ల మీదే ఉండేవాడు. రెండున్నరకు తక్కువ వచ్చినవాళ్ళకు వచ్చే ఏడు ఉద్యోగం ఆర్డరు రాదని, బేస్తవారం పైఆఫీసు మేడం స్వయంగా వస్తుందని అయ్యనార్ మెల్లగా చెప్పాడు.

ఇంటికొచ్చి మాదయ్యతో చెప్పుకుని ఏడ్చింది. తిట్టినందుకు వాళ్ళకు కోపం ఉంటుందని తెలుసు గానీ, ఇరవై నలుగురిలో ఒక్కరికైనా తన మీద ప్రేమ లేదా అన్నదే ఆమెను కోసేసింది.

“నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు” అన్నాడు మాదయ్య. “నీ నోట్లో ఉండేది నాలుక కాదు, బ్లేడు. బేస్తవారం దాకా తియ్యగా మాట్లాడి చూడు. పెండ్లికి ముందు నాతో మాట్లాడినావు కదా.”

“అప్పుడూ మాట్లాడలే మామా.”

“అవును. మాట్లాడింది మీ అమ్మ.”

మర్నాడు బుధవారం. పూంగావనం పల్లీ ఉండలు కొని క్లాసుకు పట్టుకెళ్ళింది. కనిమొళి కుట్టిన మెడ పట్టీ పామై మెలికలు తిరిగినా “బాగుండాది కన్ను” అని ముద్దుగా పిలిచి మెచ్చుకుంది. క్లాసంతా మిషన్లు ఆపేసింది. ఒకతి వచ్చి టీచరు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకొకతి, టీచరింట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని అయ్యనార్‌ను అడిగి వచ్చింది. కెంపమ్మకు మాత్రం అనుమానం తీరక, కావాలనే జాకెట్టు ఎడమ చెయ్యిని కుడివైపు అతికించి తెచ్చి చూపింది. పూంగావనం కుడిచెయ్యి దానంతటదే బ్లేడు వైపు పోయింది. ఎడమచేత్తో దాన్ని వెనక్కి లాక్కుని, పళ్ళు బిగించి, “అందంగా ఉండాది కెంపమ్మా” అంది. ఆ మాట అన్నాక లోపలికి పోయి చెంబెడు నీళ్ళు తాగింది.

బేస్తవారం మేడం వచ్చింది. పేరు శాలిని, హోసూరు వైపు అమ్మాయి, ఇంట్లో తెలుగే. తృప్తితో పాటు చదువు ఎంత వంటబట్టిందో కూడా కొలవాలని రెండో పరీక్ష తెచ్చింది. ముందు కంప్యూటరు గదికి పోయి ఒక ఉత్తరం కొట్టి చూపమంది. ముగ్గురు కొట్టారు. ఒకతను మిషను ఎక్కడ వెలిగించాలో చూపమన్నాడు. ఆ తర్వాత కుట్టు గదికి వచ్చి, గంటలో తలా ఒక చెయ్యి కత్తిరించి జాకెట్టుకు అతికించమంది. గంట తిరక్కుండానే ఇరవై నాలుగు చేతులు లేచాయి. శాలిని జాకెట్లను ఒక్కొక్కటీ పట్టుకుని గుంజి చూసింది. ఒక్క దారమూ తెగలేదు. పూంగావనం గోడకు ఆనుకుని చూస్తోంది.

“పని ఇంత బాగా నేర్పించిన మనిషి మీద మీకు ఇంత కోపం ఎందుకు?” అంది శాలిని.

“కోపమా? ఎవురు చెప్పిరి?” కనిమొళి లేచింది.

“మీరే కదా. అన్నీ ఏడుపు మొహాలేస్తిరి.”

“మరి నవ్వు మొహాలేస్తే మీరేం చేస్తారో మాకు తెలీదా మేడం? పోయినేడు వళ్ళి టీచరుకు వేస్తే ఎత్తుకుపోయిన కత మేము వినలేదా? మా నాయన ఆవును కొనేటప్పుడు మంచిదంటాడా? తోక బాగలేదంటాడు, కొమ్ము వంకరంటాడు. కావాలన్నదాన్ని ఎవురన్నా పొగడతారా?”

“మరి ప్రతాప్ సారుకు అందరూ నవ్వు మొహాలే వేస్తిరే?”

“ఆయన్ను మీరు ఎత్తుకుపోవాలని కంప్యూటరోళ్ళు వేసినారు.”

గది గొల్లున నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ ప్రతాప్ తేలు కుట్టిన దొంగలా సెల్‌ఫోను చెవికి అంటించుకుని మెట్ల వైపు జారుకున్నాడు. ఏడుపు మొహాలు వస్తే ఉద్యోగమే పోతుందన్న సంగతి పాపం వాళ్ళెవరికీ తెలియదు. శాలిని ఆ మాట చెప్పగానే నవ్వులు ఆగిపోయాయి. కనిమొళి మొహం తెల్లబోయింది. అందరూ ఒక్కసారి పూంగావనం వైపు తిరిగారు. నిన్నటి పల్లీ ఉండల అర్థం కెంపమ్మకు అప్పటికి తెలిసొచ్చింది.

శాలిని కొత్త ఫారాలు తీసి, ఈసారి నిజం వేయండి అంది. ఎవరూ చెయ్యి చాపలేదు.

“ముందు మీరు రాయండి” అంది కెంపమ్మ. “ఈమెను యాడికీ తీసుకుపోము, ఈడనే పెడతామని. కాగితం మీ ఆఫీసుదైనా, ఆవు మాది.”

“నన్ను ఆవును చేసేసినారు కదే, దొంగముండల్లారా!” అంటూ పూంగావనం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండు రోజులుగా గొంతులో అడ్డంపడ్డ తిట్టు బయటికొచ్చేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. శాలిని నవ్వు ఆపుకుంటూ, ఈ టీచరును ధర్మపురిలోనే కొనసాగించాలని రిపోర్టులో రాసి, పైకి చదివి, సంతకం పెట్టింది. కెంపమ్మ ఆ సంతకం దగ్గరికొచ్చి సిరా ఆరిందో లేదో చూసుకున్నాకే నవ్వు మొహం మీద టిక్కు పెట్టింది, వెనకే మిగతావాళ్ళూ పెట్టారు. అప్పుడు తన నిన్నటి జాకెట్టును తెచ్చి టీచరు ముందు పడేసింది. పూంగావనం కుడివైపు అతికిన ఎడమ చెయ్యినీ, కెంపమ్మనూ మార్చి మార్చి చూసింది.

“పీకు” అంది.

పోబోతూ శాలిని సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. విద్యార్థుల విషయంలో టీచరు ఎంత తృప్తిగా ఉందో కొలిచే ఫారం అది. ఇరవై నాలుగు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఐదేసి మొహాలు. పూంగావనం కళ్ళద్దాలు పెట్టుకుని, పేరు పేరుకూ ఆగి, తీరిగ్గా నింపింది. వెనకనుంచి తొంగిచూసిన కనిమొళి కెవ్వుమంది. అన్నీ ఏడుపు మొహాలే. క్లాసంతా వచ్చి మీద పడి, ఎవరి మొహానికి టీచరు ఎన్ని కన్నీటి చుక్కలు పెట్టిందో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. అందరికీ రెండేసి. కెంపమ్మకు మాత్రం ఐదు. ఆ రోజు బస్సెక్కేదాకా ఆమె ఆ మాట పదిమందికి చెప్పుకుంది.