ఐదో బావి దగ్గర

1969లో తెలంగాణ ఉద్యమం మూలంగా బడులు నెలల తరబడి మూతపడ్డప్పుడు మా వాడకట్టు పిల్లల్ని నా వరండాలో కూర్చోబెట్టుకునేదాన్ని. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే, బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. నాకు దక్కినదాన్ని నలుగురికి పంచే వీలు దేవుడిచ్చాడని మురిసిపోయాను.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే ద్రాక్షతోటలు, కూరగాయల మళ్లు, వాటి మధ్య అక్కడక్కడా ఇళ్లు. కుక్కలకు కొదవలేదు. అందుకే ఎక్కాలు అప్పజెప్పించుకున్నాక రోజూ కుక్కల పాఠం ఉండేది. ఎదురొస్తే ఉరకొద్దు, కదలకుండా నిలబడాలి. కళ్లలోకి చూడొద్దు. తింటున్నదాని జోలికి, ఈనిన కుక్క జోలికి పోవద్దు. కిందపడితే ముడుచుకుని రెండు చేతులతో చెవులు కప్పుకోవాలి. పిల్లలు ఇవన్నీ చేసి చూపిస్తుంటే ముచ్చటేసేది. చివర్లో మాత్రం బెత్తం ఊపి, "ఎవర్నన్న కుక్క కరిసిందని నాకు తెల్వాలె, ఈపు పలగ్గొడ్త" అనేదాన్ని. అదీ పాఠంలో భాగమే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున పాఠానికి ఒక్కరూ రాలేదు. ఆరేళ్ల నా కూతురూ ఇంట్లో లేదు. వెతుక్కుంటూ ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు పొలాల్లోకి పోయాను. అక్కడ ఒక మోటబావి గట్టు మీద నా కూతురు బోర్లా పడుకుని లోపలికి వంగి ఉంది. నలుగురు పిల్లలు దాని కాళ్లు పట్టుకుని ఉన్నారు.

కేక వేయబోయి ఆగాను. పిలిస్తే ఉలిక్కిపడి వదిలేస్తారేమో. చెప్పులు విడిచి, వెనక నుంచి మెల్లగా పోయి, దాని నడుం పట్టి లాగాను.

"జర ఆగు చిన్నమ్మా, మొకం ఇంక కనవడలే," అంది ఎదురింటి అమ్మాయి. పదేళ్లుంటాయి, వాళ్లందరికీ అదే పెద్ద.

"ఏం మొకం?"

"గీమె మొకమే. ఏడు బాయిలల్ల చూసుకుంటె కుక్క ఇసం దిగుతది. ఇది ఐదోది. ఇంక రెండే ఉన్నయ్."

అప్పుడు చూశాను, నా బిడ్డ లంగా కింద పిక్కకు కట్టిన గుడ్డ. విప్పితే నాలుగు పళ్ల గాట్లు, వాటి మీద ఎండిన సున్నం. నిన్న కరిచిందట.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

అది తల ఎత్తలేదు. "ఈపు పలగ్గొడ్త అన్నవ్ గద."

ఇన్నేళ్లయినా ఆ మాట దగ్గర ఆగిపోతాను. కరిచిన కుక్కకంటే, అడుగు కనిపించని బావికంటే నా బిడ్డ నాకే ఎక్కువ భయపడింది.

ఇంటికి ఎత్తుకొచ్చి సబ్బు పెట్టి, బిందెడు నీళ్లతో గాయం కడిగాను. ఆ రోజు బంద్. బస్సులు లేవు, రోడ్డంతా రాళ్లు. రిక్షావాళ్లంతా రామన్నారు. ఒక్క ముసలాయన పిల్ల కాలు చూసి, "కూసో బిడ్డా. ఎవలన్న ఆపితె గీ కాలు జూపెడ్దం. ఆళ్లు గూడ పిల్లలు గలోళ్లే గద," అన్నాడు. రెండుచోట్ల బంద్ చేస్తున్నవాళ్లు ఆపారు. కాలు చూసి వాళ్లే రాళ్లు పక్కకు జరిపారు. ఆయన పేరు అడగాలని తోచలేదు. నా ప్రార్థనలో ఇప్పటికీ ఆయన రిక్షా తాతే.

దవాఖానలో బొడ్డు చుట్టూ రోజుకొకటి, పద్నాలుగు సూదులన్నారు. కోస్తా వైపు నుంచి వచ్చిన నర్సమ్మ మొదటిది వేస్తూ, "నిన్ననే ఎందుకు తీసుకురాలేదమ్మా? ఈ రోగం బయటపడిందంటే ఇక మందు లేదండి," అంది.

మర్నాడు పొద్దున్నే పిల్లల్ని పిలిచాను. చేతిలో బెత్తం లేదు. "కుక్క కరిసినా, గీరినా, ముందుగాల ఉరికొచ్చి నాకో మీ అమ్మకో చెప్పాలె. కొట్టను. తిట్టను గూడ."

"నిజంగనేనా చిన్నమ్మా?" అంది ఎదురింటి అమ్మాయి.

"నిజంగనే."

అది లేచొచ్చి, లంగా కొంచెం పైకి జరిపి మోకాలి పక్కన చూపించింది. పొక్కు కట్టిన రెండు గాట్లు. "పోయిన ఆయితారం కరిసింది. ఏడు బాయిలు చూసిన, నాకేం గాలే. అందుకే గీమెను గూడ తీస్కపోయిన."

తోడు ఎవరొచ్చారంటే, ఎవరికీ చెప్పలేదంది. ఏడు బావుల్లోకీ ఆ పిల్ల ఒక్కతే వంగింది. కాళ్లు పట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

దాని తల్లికి చెప్పి, ఇద్దర్నీ రిక్షాలో చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరూ నాకు దక్కారు, దేవుడికి స్తోత్రం. కానీ ఆ పొద్దు అది నాకు తెలియదు. దారంతా ఒకే ప్రార్థన మళ్లీ మళ్లీ మొదలుపెట్టాను.

చాదర్‌ఘాట్ దాటాక ఎదురింటి అమ్మాయి నా మీదుగా వంగి నా కూతుర్ని అడిగింది.

"సూది నొస్తదా?"

"మస్తు నొస్తది," అంది నా కూతురు. "గని ఏడ్వొచ్చు. అమ్మ ఏమంటలేదు."