భుజం మీద తాత

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, వరుసలో పెట్టి చెబితే ఎవరికైనా ఏదైనా అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ల కెమెరా చూసుకునే టెక్నీషియన్‌ని. ఒక వేసవిలో ములకలపల్లి నుంచి మా పెద్దనాన్ననే తీసుకొచ్చారు. పరగడుపున ఒళ్లో పట్టినన్ని తునికిపండ్లు తింటే, ఆ పిప్పి చిన్నపేగులో రాయిలా ఉండకట్టి అడ్డం పడింది. థియేటర్‌లో దీపాలు ఆర్పాక తెర మీద ఆయన పేగులు కనిపించాయి. ఎర్రటి చీకట్లో ఉబ్బి, వాటంతటవే మెల్లగా మెసలుతూ. (చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి లోపలికి అలా తొంగిచూడటం మర్యాదగా అనిపించలేదు.) ఉండ అయితే క్షేమంగా బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున డాక్టర్ గారు, "నడిస్తేనే పేగు కదులుతుంది. కదలకపోతే పొట్ట మళ్లీ తెరవాల్సి రావచ్చు" అని చెప్పి వెళ్లారు. పెద్దనాన్న మంచం దిగలేదు.

"ఎట్ల నడుస్త బిడ్డా? భుజం మీద నాయిన కూసున్నడు."

అంటే నేను పుట్టకముందే పోయిన మా తాత. నేను వరుసగా మొదలుపెట్టాను. ఒకటి, కెమెరా కోసం పొట్టలో గ్యాస్ నింపుతాం. రెండు, అది కొంత లోపలే మిగులుతుంది. మూడు, అది పైనున్న కండరాన్ని ఒరుసుకుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది.

"పొట్టల గాలి నింపితే భుజం నొస్తదా? ఎవలన్న వింటె నవ్వుతరు" అంది పెద్దమ్మ. "మా మామ వచ్చిండంటే నమ్మొచ్చు."

పెద్దనాన్న తల కొంచెం వంచి, చెవి దగ్గర ఎవరో చెబుతున్నట్టు విన్నాడు. "అవ్... నిన్నే చూస్తుండు రా. చిన్నోని కొడుకేనా అంటుండు."

నా మెడ మీద ఎవరో చల్లగా ఊదినట్టయింది. మధ్యాహ్నం దాకా బతిమాలాను. ఆయన పొట్ట బిగుసుకుంటోంది, పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఇక లాభం లేదని ఇనుప కుర్చీ ఒకటి మంచం పక్కకు లాగి, నర్సులెవరూ చూడటం లేదని చూసుకుని, ఆయన భుజానికి జానెడు పైన చూస్తూ అన్నాను. "తాతా, జర దిగి ఈ కుర్చీల కూసో. పెదనాయన గట్ల నడిచొస్తడు."

"జల్దీ దిగు మామా, పిలగాడు అడుగుతుండు" అని పెద్దమ్మ వత్తాసు.

కుర్చీ కిర్రుమంది. (ఇనుము ఎండకు సాగుతుంది. అప్పుడూ అదే అనుకున్నాను, కాస్త గట్టిగా.)

పెద్దనాన్న బరువు దిగినవాడిలా లేచి, నా చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. తిరిగొస్తుంటే వార్డంతా వినేలా గాలి వదిలాడు. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది. పేగు కదిలిందని సంబరపడుతూ వచ్చిన డాక్టర్ గారు ఆ కుర్చీలో కూర్చోబోయారు. "సార్, అందులో వద్దు!" అని అరిచింది పెద్దమ్మ కాదు, నేను.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నన్ను చూడటానికి అంత దూరం నుంచి వచ్చిన తాతకు కుర్చీ అయితే వేశాను గానీ, ఎట్లున్నవని ఒక్క మాట అడగలేదు.