బాలమణి మెట్టెలు

1998. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండరాళ్లు, వాటి మధ్య లేస్తున్న సెంట్రింగ్ కర్రలు. హైదరాబాదు శివార్లలో, కొత్తగూడ దగ్గర ఓ చిన్న ఎముకల ఆసుపత్రిలో నేను థియేటర్ సిస్టర్‌ని. నా నోటికి డాక్టరుగారే జడిసేవారు.

ఒక మధ్యాహ్నం ఓ మేస్త్రీ బాలమణిని ఆటోలోంచి దించి, పని ఆగిపోతుందంటూ వెళ్లిపోయాడు. పాలమూరు వైపు మనిషి, ముప్పై దాటి ఉండవు. సిమెంటు తట్టతో ర్యాంపు మీద జారింది. కుడి చీలమండకు రెండు పక్కలా ఎముకలు విరిగాయి. అంతకన్నా చెడ్డది, మోకాలి కింది రెండు ఎముకలను అడుగున పట్టి ఉంచే లిగమెంటు, అంటే నారలాంటి కట్టు, తెగిపోయింది. వాపు దిగాక ప్లేటు వేసి, ఆ రెంటినీ కలిపి సిండెస్మోటిక్ స్క్రూ బిగించాలి. లిగమెంటు అతికేదాకా ఆ స్క్రూయే దిక్కు. దాన్ని తీసేదాకా కాలు నేల మీద మోపకూడదు.

ముందు ఆ కాలి మెట్టె కోయాలి. పాదం బూరెలా పొంగి, మెట్టె లోపలికి దిగిపోయి వేలు నల్లబడుతోంది. కట్టర్ చూడగానే, అంత నొప్పిలోనూ కాలు వెనక్కి లాక్కుంది. కాలు విరిగి కూర్చుంటే మెట్టెల గోలేమిటని కసిరాను. అప్పుడు చెప్పింది. పెనిమిటి బొంబాయి పనికి పోయి ఏళ్లయింది. కబురు లేదు, ఉన్నాడో పోయాడో తెలియదు.

"ఇవి తీస్తే ఇగ ఆయన లేనట్టే గద సిస్టరమ్మా. బతికున్నడో లేడో తెల్వకుండ ఎట్ల తీస్త?"

కట్టర్ ట్రేలో పెట్టేశాను. మంచం పక్కన కూర్చున్నాను.

"వేలు మిగిలితే కదమ్మా మెట్టె పెట్టుకునేది. ఎడమ కాలివి ఎవరూ ముట్టుకోరు. నాదీ పూచీ."

గోడ వైపు తిరిగి ఏడుస్తూ కాలు ఇచ్చింది.

ఆపరేషన్ రోజు, ఒంటి మీద నగలు ఉండకూడదన్న నియమం ఉన్నా, ఎడమ మెట్టెలు తీయకుండా వాటి మీద ప్లాస్టరు టేపు అంటించి లోపలికి తీసుకెళ్లాను. డాక్టరుగారు గొణిగారు, నేను విననట్టు ఊరుకున్నాను. అంతా అయ్యాక అలవాటుగా బయటికొచ్చి, బాలమణి తాలూకు ఎవరండీ అని పిలిచాను. బెంచీ మీద ఎవరూ లేరు. నాకే ఏడుపొచ్చింది.

నెలలు గడిచాక స్క్రూ తీయించుకోవడానికి కర్రల మీద ఒక్కతే వచ్చింది. చెప్పిన మాట తప్పకుండా కాలు మోపలేదు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికింది. కిందికి చూస్తే రెండు కాళ్లూ బోసిగా ఉన్నాయి. పోయాడా అని అడగలేక, ఎడమవి ఏవమ్మా అన్నాను.

"నేనే తీసిన. బొంబాయి పోయేటి ఊరోళ్లతోని కబురు పంపిన, ఎట్లనో దొరకబట్టిన్రు. మంచిగనే ఉన్నడంట. కాలిరిగిందని చెప్తే, నేను రాను అన్నడంట."

ఆమె కంట చుక్క నీరు లేదు.

థియేటర్‌లోకి వెళ్లే ముందు ఒంటి మీదివి తీయించడం నా పని. ఇప్పటికీ తీయిస్తాను. కానీ ఎవరైనా వద్దంటే కసరను, ఎందుకమ్మా అని అడుగుతాను. కొందరికి ఆ కాస్త వెండి తప్ప ఆసుపత్రిదాకా వెంట వచ్చిన తోడు ఇంకెవరూ ఉండరు.